ఇంట్లోనే బాలన్, చోక్ తయారు చేసుకోవడం ఎలా: చుట్టడం, కొలవడం, తప్పులు పట్టుకోవడం

కొత్తగా స్టేషన్ పెట్టుకున్న హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) మిత్రులు అడిగే ప్రశ్నలు కొన్ని పదే పదే వస్తుంటాయి. ప్రసారం చేస్తున్నప్పుడు మైకు లోహపు భాగం తగిలితే పెదవి చురుక్కుమంటోందని ఒకరంటారు. కోయాక్స్‌ను (రేడియో నుంచి యాంటెన్నాకు పోయే కేబుల్) కాస్త పక్కకు జరిపితే ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన శక్తి ఎంత వెనక్కి వస్తోందో తెలిపే నిష్పత్తి, 1:1 అయితే ఉత్తమం) మారిపోతోందని మరొకరంటారు. కోయాక్స్ యాంటెన్నాకు కలిసే చోట బాలన్ అనే పరికరం పెట్టినా రిసీవర్‌లో రొద అంతే ఉందని ఇంకొకరు వాపోతారు. ఈ మూడింటి వెనుకా చాలాసార్లు ఒకటే కారణం ఉంటుంది: కోయాక్స్ షీల్డ్ (మధ్య తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) వెలుపలి తలం మీద పారకూడని కరెంటు పారుతోంది. దాన్ని ఆపే పరికరాన్ని ఇంట్లోనే ఒక పూటలో ఎలా చుట్టుకోవచ్చో, చుట్టాక అది నిజంగా పనిచేస్తోందో లేదో ఎలా తేల్చుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. చుట్టడం కన్నా తేల్చుకోవడం గురించే ఎక్కువ రాశాను, ఎందుకంటే చాలామంది తప్పటడుగు వేసేది అక్కడే.

సిద్ధాంతం రెండు మాటల్లో చెప్పుకుందాం. కోయాక్స్ లోపల మధ్య తీగ మీద, షీల్డ్ లోపలి తలం మీద సమానమైన కరెంట్లు ఎదురెదురు దిశల్లో పారుతాయి. డైపోల్ (రెండు భుజాల తీగ యాంటెన్నా) దగ్గరకు వచ్చేసరికి షీల్డ్ వైపు కరెంటుకు రెండు దారులు కనిపిస్తాయి: ఒకటి డైపోల్ భుజం, రెండోది షీల్డ్ వెలుపలి తలం. ఆ రెండో దారిలో పెద్ద అవరోధం (ఇంపిడెన్స్) పెట్టడమే చోక్ చేసే పని. 1:1 కరెంట్ బాలన్, కామన్ మోడ్ చోక్ అనే రెండు పేర్లూ ఒకే వస్తువువి. కాబట్టి ఏది చుట్టాలనే సందేహం పెట్టుకోవద్దు. అవరోధాన్ని 50 నుంచి 200 ఓమ్‌లకు మార్చవలసి వచ్చినప్పుడు మాత్రమే 4:1 బాలన్ కావాలి.

కావలసినవి

- ఎఫ్‌టీ240 పరిమాణంలో ఒక ఫెర్రైట్ టొరాయిడ్ (ఉంగరం ఆకారపు కోర్). దీని వెలుపలి వ్యాసం సుమారు 61 మిల్లీమీటర్లు, రంధ్రం సుమారు 35.5, మందం 12.7 ఉంటాయి. మిక్స్ (ఫెర్రైట్ పదార్థపు రకం) 31 లేదా 43 తీసుకోండి.
- 5 మిల్లీమీటర్ల మందం గల కోయాక్స్ సుమారు 1.25 మీటర్లు. ఆర్‌జీ-400 లేదా ఆర్‌జీ-142 అయితే శ్రేష్ఠం. ఘన పాలిథిన్ ఇన్సులేషన్ ఉన్న ఆర్‌జీ-58 కూడా సరిపోతుంది.
- ప్లాస్టిక్ పెట్టె. లోహపు పెట్టె వద్దు, కారణం తరువాత చెబుతాను.
- ఎస్ఓ-239 సాకెట్ (కోయాక్స్ ప్లగ్ బిగించేది), తుప్పు పట్టని బోల్టులు, నట్లు, రింగ్ టెర్మినళ్లు.
- నైలాన్ కేబుల్ టైలు, సోల్డరింగ్ ఐరన్, వాతావరణం తట్టుకునే సీలింగ్ టేపు.
- మల్టీమీటర్, 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్), 1000 ఓమ్‌ల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ ఒకటి. వీలైతే ఒక నానోవీఎన్ఏ (చిన్న నెట్‌వర్క్ ఎనలైజర్).

ముందుగా కోర్ ఏదో తేల్చుకోండి

ఫెర్రైట్ కోర్లన్నీ చూడడానికి ఒకే బూడిద రంగులో ఉంటాయి. వాటి మీద మిక్స్ సంఖ్య ముద్రించి ఉండదు. పాత డబ్బాలో దొరికిన కోర్‌ను గుర్తించకుండా వాడితే మీ శ్రమంతా వృథా అవుతుంది. దాని మీద ఏదైనా సన్నని తీగతో సరిగ్గా 10 చుట్లు చుట్టి, తక్కువ ఫ్రీక్వెన్సీలో ఇండక్టెన్స్ కొలవండి. ఎఫ్‌టీ240 పరిమాణంలో మిక్స్ 31 అయితే సుమారు 200 మైక్రోహెన్రీలు, మిక్స్ 43 అయితే సుమారు 107, మిక్స్ 61 అయితే సుమారు 17 వస్తాయి. ఫెర్రైట్‌లో 20 శాతం అటూ ఇటూ కావడం మామూలే. దాదాపు ఇంతే పరిమాణం ఉన్న ఎర్ర రంగు టీ200-2 కోర్ మీద అవే 10 చుట్లకు 1.2 మైక్రోహెన్రీలే వస్తాయి. అది ఇనుప పొడితో చేసినది. ట్యూన్డ్ సర్క్యూట్లకు చక్కగా పనికివస్తుంది కానీ చోక్‌కు పనికిరాదు. కంప్యూటర్ పవర్ సప్లైలలో కనిపించే పసుపు, తెలుపు రంగుల కోర్లు కూడా ఇనుప పొడివే, వాటినీ పక్కన పెట్టండి.

మిక్స్ ఎంపికకు నేను పాటించే పద్ధతి ఇది. 1.8 నుంచి 10 మెగాహెర్ట్జ్ వరకు ముఖ్యమైతే మిక్స్ 31 మీద 12 లేదా 13 చుట్లు, 7 నుంచి 30 వరకు ముఖ్యమైతే మిక్స్ 43 మీద 10 లేదా 11 చుట్లతో మొదలుపెట్టండి. కొలిచాక ఒకటి రెండు చుట్లు పెంచవలసి రావచ్చు, తగ్గించవలసి రావచ్చు. చుట్లు పెరిగిన కొద్దీ మంచిదనుకోవడం పొరపాటు. ఇండక్టెన్స్ చుట్ల సంఖ్య వర్గంతో పెరుగుతుందన్న మాట నిజమే కానీ, చుట్ల మధ్య కెపాసిటెన్స్ కూడా పెరిగి, చోక్ బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీ కిందికి దిగిపోతుంది. 28 మెగాహెర్ట్జ్ కోసం చుట్టే చోక్‌కు 15 చుట్లు వేస్తే, 8 చుట్ల చోక్ కన్నా అధ్వాన్నంగా పనిచేయవచ్చు.

1:1 చోక్ చుట్టే విధానం

1. కోర్ అంచులను వేలితో తడిమి చూడండి. పదునుగా ఉంటే సన్నని సాండ్‌పేపర్‌తో మెల్లగా నునుపు చేయండి. ఫెర్రైట్ పింగాణీ లాంటిది, కింద పడితే పగులుతుంది. పగిలిన కోర్‌ను అతికించి వాడవద్దు, అతుకు దగ్గర సన్నని సందు మిగిలినా ఇండక్టెన్స్ బాగా పడిపోతుంది.

2. కోయాక్స్ కత్తిరించండి. ఈ పరిమాణం కోర్ మీద 5 మిల్లీమీటర్ల కేబుల్ ఒక్కో చుట్టుకు సుమారు 7 నుంచి 7.5 సెంటీమీటర్లు పడుతుంది. 12 చుట్లకు 90 సెంటీమీటర్లు, రెండు కొనలకు 15 చొప్పున కలిపి 1.2 మీటర్లు లెక్క వేసుకోండి. కనెక్టర్లు ఇప్పుడే బిగించవద్దు. పీఎల్-259 ప్లగ్ మొదట్లో రంధ్రంలో దూరినట్టే ఉంటుంది కానీ, సగం చుట్లయ్యాక ఇక దూరదు.

3. కేబుల్ మధ్య భాగాన్ని రంధ్రంలో పెట్టి, అక్కడి నుంచి ఒక కొనను ఒక వైపుకు, రెండో కొనను మరో వైపుకు చుట్టుకుంటూ పోండి. ఇలా చేస్తే పొడవాటి కేబుల్‌ను ప్రతిసారీ రంధ్రంలోంచి లాగవలసిన బాధ సగానికి తగ్గుతుంది. రెండు సగాలూ కోర్ చుట్టూ ఒకే తీరున తిరగాలి. మధ్యలో దిశ మారితే ఒక సగం రెండో సగాన్ని రద్దు చేస్తుంది.

4. చుట్లను రంధ్రం లోపలి వైపు నుంచి మాత్రమే లెక్కపెట్టండి. కేబుల్ రంధ్రంలోంచి ఒక్కసారి నేరుగా వెళ్లినా అది ఒక చుట్టే. బయటి వైపు నుంచి లెక్కపెట్టిన వారికి తరచుగా ఒక చుట్టు తేడా వస్తుంది.

5. రంధ్రం లోపల చుట్లు పక్కపక్కన ఒకే వరుసలో ఆనాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. మొదటి చుట్టుకు, చివరి చుట్టుకు మధ్య కనీసం రెండు చుట్లంత ఖాళీ ఉంచండి. లోపలికి వచ్చే కొన, బయటికి పోయే కొన ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే, వాటి మధ్య కెపాసిటెన్స్ ద్వారా కరెంటు చోక్‌ను తప్పించుకుని పోతుంది. రెండు కొనలూ పెట్టెకు ఎదురెదురు వైపుల నుంచి రావాలనుకుంటే సగం చుట్లయ్యాక కేబుల్‌ను కోర్ అవతలి అంచుకు అడ్డంగా దాటించి, మిగతా సగం చుట్టండి. దాటించేటప్పుడు కూడా కేబుల్ రంధ్రంలో అదే దిశలో దూరాలి.

6. కేబుల్‌ను మరీ బిగించి లాగవద్దు. ఫోమ్ ఇన్సులేషన్ ఉన్న కోయాక్స్‌ను ఇంత చిన్న వంపులో చుడితే, కాలక్రమేణా మధ్య తీగ పక్కకు జరిగి షీల్డ్‌ను తాకే ప్రమాదం ఉంది. టెఫ్లాన్ కేబుల్‌కు వేడి వల్ల కూడా ఆ భయం తక్కువ.

7. మొదటి చుట్టును, చివరి చుట్టును నైలాన్ టైలతో కోర్‌కు కట్టండి. కోర్‌ను పెట్టెలో పెట్టి, సాకెట్‌కు ఒక కొనను, యాంటెన్నా బోల్టులకు రెండో కొనను సోల్డర్ చేయండి. యాంటెన్నా వైపు విడదీసిన మధ్య తీగ, షీల్డ్ పొట్టిగా ఉండాలి.

8. యాంటెన్నా తీగల బరువు బోల్టుల మీద, సోల్డర్ మీద పడకూడదు. లాగుడును పెట్టెకు బిగించిన కొక్కేలు మోయాలి. పెట్టె అడుగున చిన్న రంధ్రం ఒకటి వదలండి. ఎంత సీలు చేసినా లోపల తేమ చేరుతుంది, దానికి బయటికి పోయే దారి ఉండాలి.

పెట్టె గురించి నాకు తగిలిన పాఠం

నేను మొదట్లో చేసిన చోక్‌కు చక్కటి అల్యూమినియం పెట్టె ఎంచుకున్నాను. రెండు వైపులా రెండు ఎస్ఓ-239 సాకెట్లు బిగించి, లోపల 11 చుట్లు చాలా శ్రద్ధగా చుట్టాను. డమ్మీ లోడ్ పెట్టి చూస్తే ఎస్‌డబ్ల్యూఆర్ అన్ని బ్యాండ్ల మీదా 1.1 దాటలేదు. గాలి చొరనంత బాగా కుదిరిందని సంబరపడ్డాను. యాంటెన్నాకు పెట్టాక రొద ఇసుమంతైనా తగ్గలేదు. కొన్ని వారాల తరువాత మూత విప్పి మల్టీమీటర్ పెట్టినప్పుడు సంగతి తెలిసింది: రెండు సాకెట్ల షీల్డ్‌లూ పెట్టె లోహం ద్వారా ఒకదానికొకటి నేరుగా కలిసిపోయి ఉన్నాయి. షీల్డ్ మీది కరెంటు నా 11 చుట్లలోకి రానే లేదు, పెట్టె గోడ మీదుగా దాటిపోయింది. అందుకే ప్లాస్టిక్ పెట్టె అన్నాను. లోహపు పెట్టే దిక్కయితే, కనీసం ఒక సాకెట్‌ను ప్లాస్టిక్ పలక మీద బిగించి పెట్టె నుంచి వేరు చేయాలి.

ఈ సంఘటనలో ఇంకో విషయం ఉంది. ఎస్‌డబ్ల్యూఆర్ బాగా రావడం చోక్ పనితీరుకు రుజువు కాదు. కోర్ లేని ఉత్త కోయాక్స్ ముక్క చివర డమ్మీ లోడ్ పెట్టినా 1:1 వస్తుంది. ఎస్‌డబ్ల్యూఆర్ పరీక్ష సోల్డరింగ్ బాగుందని, కేబుల్ దెబ్బతినలేదని మాత్రమే చెబుతుంది.

4:1 కావాలంటే

ఇక్కడ గ్వానెల్లా అనే ఇంజినీరు 1944లో ప్రకటించిన పద్ధతినే వాడండి. రెండు కోర్లు, ఒక్కో దాని మీద 100 ఓమ్‌ల జంట తీగ లైను ఒకటి. ఒక వైపు రెండు లైన్లనూ సమాంతరంగా కలిపితే 50 ఓమ్‌లు, మరో వైపు శ్రేణిలో కలిపితే 200 ఓమ్‌లు అవుతాయి. రుథ్రాఫ్ 1959లో వివరించిన ఒకే కోర్ వోల్టేజ్ బాలన్ చుట్టడం తేలికే కానీ, అది కోయాక్స్ మీది కరెంటును ఆపదు. మనకు కావలసింది ఆపడమే కనుక దాన్ని నేను సూచించను.

1. ఎరుపు, నలుపు రంగుల్లో మందమైన ఇన్సులేషన్ గల రెండు తీగలను పక్కపక్కన ఆనించి జంటగా కట్టండి. ఎనామెల్ తీగలు రెండింటిని ఉత్తినే కలిపి చుడితే 100 ఓమ్‌లు రావు, అందులో దాదాపు సగమే వస్తుంది. మీ జంట ఎంతో తెలియాలంటే ఒక మీటరు ముక్క తీసుకుని, చివర తెరిచి ఉంచి కెపాసిటెన్స్, చివర కలిపి ఇండక్టెన్స్ కొలవండి. ఇండక్టెన్స్‌ను కెపాసిటెన్స్‌తో భాగించి వర్గమూలం తీస్తే లైను అవరోధం వస్తుంది. 0.45 మైక్రోహెన్రీలు, 45 పికోఫారడ్‌లు వచ్చాయనుకోండి, సరిగ్గా 100 ఓమ్‌లు.

2. రెండు కోర్ల మీదా ఒకే సంఖ్యలో, ఒకే దిశలో జంటను చుట్టండి.

3. సాకెట్ వైపు రెండు ఎర్ర తీగలనూ మధ్య పిన్నుకు, రెండు నల్ల తీగలనూ షీల్డ్‌కు కలపండి.

4. యాంటెన్నా వైపు మొదటి కోర్ నల్ల తీగను రెండో కోర్ ఎర్ర తీగతో కలిపి, ఆ అతుకును ఎక్కడికీ తగలకుండా వదిలేయండి. మిగిలిన మొదటి ఎరుపు, రెండో నలుపు యాంటెన్నా బోల్టులకు పోతాయి.

అతుకు దగ్గర రెండు ఎర్ర తీగలనే కలిపేయడం ఇక్కడ జరిగే ప్రధానమైన తప్పు. అలా చేస్తే రెండు లైన్ల వోల్టేజీలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని, బయటికి ఏమీ రాదు.

ఒకే కోర్ మీద రెండు లైన్లనూ చుట్టిన నమూనాలు మీకు కనబడతాయి. లోడ్ భూమికి ఏ సంబంధమూ లేకుండా తేలుతూ ఉంటేనే అవి సరిగ్గా నడుస్తాయి. నిజమైన యాంటెన్నాలు అంత శుభ్రంగా ఉండవు కాబట్టి, రెండో కోర్ ఖర్చుకు వెనకాడవద్దు. ఇంకో మాట: ల్యాడర్ లైనుతో (రెండు సమాంతర తీగల ఫీడ్ లైను) బహుళ బ్యాండ్ల డబ్లెట్ (మధ్యలో ఫీడ్ చేసే తీగ యాంటెన్నా) నడిపే వారు ట్యూనర్ (అవరోధాన్ని రేడియోకు సరిపోయేలా చేసే పరికరం) దగ్గర 4:1 తప్పనిసరి అనుకుంటారు. చాలా బ్యాండ్ల మీద ఆ చోట అవరోధం ఇప్పటికే తక్కువగా ఉండవచ్చు, దాన్ని ఇంకా నాలుగో వంతుకు దించితే నష్టాలు పెరుగుతాయి. మంచి 1:1 చోక్‌నే ముందు పెట్టి చూడండి.

ఫెర్రైట్ దొరకకపోతే

కోయాక్స్‌నే 10 నుంచి 12 సెంటీమీటర్ల వ్యాసం గల ప్లాస్టిక్ గొట్టం మీద ఒకే వరుసలో చుట్టే గాలి చోక్ ఉంది. ఒకే బ్యాండ్ యాంటెన్నాకు, ఆ బ్యాండ్‌లో కొలిచి చూసుకున్న తరువాత, దాన్ని వాడవచ్చు. అన్ని బ్యాండ్లకూ మాత్రం నమ్మవద్దు. దాని అవరోధం ఒక చిన్న పరిధిలోనే ఎక్కువగా ఉండి, మిగతా చోట్ల దాదాపు పూర్తిగా రియాక్టివ్‌గా (శక్తిని ఖర్చు చేయని, ఇండక్టెన్స్, కెపాసిటెన్స్‌ల వల్ల వచ్చే అవరోధంగా) ఉంటుంది. మీ కోయాక్స్ వెలుపలి తలం ఆ ఫ్రీక్వెన్సీలో వ్యతిరేక రియాక్టెన్స్ చూపిస్తే రెండూ రద్దయి, చోక్ లేనప్పటి కన్నా ఎక్కువ కరెంటు పారుతుంది. ఫెర్రైట్ చోక్‌లో అవరోధంలో ఎక్కువ భాగం రెసిస్టివ్‌గా ఉంటుంది కనుక అలా రద్దయ్యే అవకాశం లేదు. ఫెర్రైట్ ఎందుకని అడిగే వారందరికీ నా సమాధానం ఇదే. కేబుల్‌ను చిందరవందరగా ఉండ చుట్టి టేపు వేయడం అన్నిటికన్నా నాసి పద్ధతి.

పనిచేస్తోందో లేదో తేల్చుకోవడం

మొదట మల్టీమీటర్. 1:1 చోక్‌లో మధ్య పిన్ను నుంచి ఒక బోల్టుకు, షీల్డ్ నుంచి రెండో బోల్టుకు కంటిన్యుటీ ఉండాలి, ఆ రెండింటి మధ్య ఉండకూడదు. 4:1లో మాత్రం అన్నీ అన్నింటితో కలిసినట్టే చూపిస్తుంది. డీసీకి అది సహజం, భయపడి విప్పేయకండి.

రెండోది ఎస్‌డబ్ల్యూఆర్. 1:1కు 50 ఓమ్‌ల లోడ్, 4:1కు మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లతో కూర్చిన 200 ఓమ్‌లు పెట్టి నానోవీఎన్ఏతో చూడండి. తీగ చుట్టిన రెసిస్టర్లు పనికిరావు, వాటికి సొంత ఇండక్టెన్స్ ఉంటుంది. 1:1 చోక్ 30 మెగాహెర్ట్జ్ వరకు 1.2 లోపు, 4:1 బాలన్ 1.5 లోపు ఉంటే చాలు.

మూడోది అసలైన పరీక్ష. నానోవీఎన్ఏను 1 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు పెట్టి, ఎస్21 (పోర్ట్ 1 నుంచి పోర్ట్ 2కు ఎంత సంకేతం చేరిందో తెలిపే విలువ) కాలిబ్రేషన్ చేయండి. చోక్ ఒక కొనలో మధ్య తీగను, షీల్డ్‌ను కలిపి పోర్ట్ 1 మధ్య పిన్నుకు, రెండో కొనలోనూ అలాగే కలిపి పోర్ట్ 2 మధ్య పిన్నుకు తగిలించండి. రెండు పోర్ట్‌ల గ్రౌండ్లను పొట్టి తీగతో కలపండి. ఇప్పుడు ఎస్21 ఎంత తగ్గితే చోక్ అంత బలమైనది. మైనస్ 20.8 డెసిబెల్ అంటే సుమారు 1000 ఓమ్‌లు, మైనస్ 26.4 అంటే 2000, మైనస్ 34.2 అంటే 5000. మీరు వాడే బ్యాండ్లన్నింటి మీద 1000 ఓమ్‌లు కనీసం ఉండాలి. రొద తగ్గడమే మీ లక్ష్యమైతే 5000 వైపు చూడండి.

కొలతను నమ్మే ముందు కొలిచే అమరికను పరీక్షించండి. చోక్ స్థానంలో 1000 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే మైనస్ 20.8 దగ్గర దాదాపు సమంగా గీత రావాలి. పై ఫ్రీక్వెన్సీలలో ఆ గీత పైకి లేస్తుంటే మీ తీగలు పొడవుగా ఉన్నాయని, వాటి మధ్య కెపాసిటెన్స్ కొలతను చెడగొడుతోందని అర్థం. 30 మెగాహెర్ట్జ్ వద్ద ఒక్క పికోఫారడ్ అంటేనే సుమారు 5300 ఓమ్‌లు. కాబట్టి చోక్‌ను బల్ల మీద పెట్టకుండా, చేత్తో పట్టుకోకుండా, ఎండు అట్టపెట్టె మీదో నైలాన్ దారంతోనో ఎత్తుగా ఉంచి కొలవండి.

నానోవీఎన్ఏ లేని వారు విడదీసి మూసే ఫెర్రైట్ క్లిప్ ఒకటి తీసుకుని, దాని మీద సన్నని తీగ 10 చుట్లు చుట్టి, ఆ కొనలకు 50 ఓమ్‌ల రెసిస్టర్, డయోడ్, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్, ముల్లు మీటరు తగిలించి కరెంటు చూసే సాధనం చేసుకోవచ్చు. కోయాక్స్ మీద దాన్ని మూసి, 10 వాట్ల క్యారియర్ (మాటలు లేని ఉత్త సంకేతం) ఇచ్చి, చోక్ లేకుండా ఒకసారి, చోక్‌తో ఒకసారి ముల్లు ఎంత కదులుతోందో పోల్చండి. కోయాక్స్ పొడవునా కరెంటు ఒకేలా ఉండదు, అందుకని మూడు నాలుగు చోట్ల చూడాలి.

వేడి, అమర్చే చోటు

100 వాట్లతో ఒక నిమిషం క్యారియర్ పంపి, ప్రసారం ఆపి, రిగ్‌ను స్విచ్ ఆఫ్ చేసిన తరువాతే కోర్‌ను తాకి చూడండి. ప్రసారం జరుగుతుండగా పెట్టెలో చెయ్యి పెట్టవద్దు, ఫీడ్ పాయింట్ (కేబుల్ యాంటెన్నాకు కలిసే చోటు) దగ్గర వోల్టేజ్ చర్మాన్ని కాల్చగలదు. కోర్ గోరువెచ్చగా ఉంటే మంచిదే. చెయ్యి పెట్టలేనంత కాలిందంటే చోక్ చాలడం లేదు. ఇక్కడ చాలామంది వేడి తగ్గాలని చుట్లు తగ్గిస్తారు, అది తలకిందుల వైద్యం. షీల్డ్ మీద 0.1 యాంపియర్ పారుతూ, చోక్ రెసిస్టెన్స్ 2000 ఓమ్‌లైతే కోర్‌లో 20 వాట్లు ఖర్చవుతాయి. చోక్‌ను బలపరిస్తే కరెంటే పడిపోతుంది, వేడి కరెంటు వర్గంతో తగ్గుతుంది. రెండో కోర్‌ను జత చేయడం గానీ, మరో చోక్‌ను వరుసలో పెట్టడం గానీ సరైన మందు. ప్రసారం చేస్తుండగా ఎస్‌డబ్ల్యూఆర్ మెల్లగా జరుగుతూ పోతే కోర్ వేడెక్కుతోందని గ్రహించండి. మిక్స్ 31, 43 రెండింటికీ 130 డిగ్రీల సెల్సియస్ పైబడిన చోట అయస్కాంత గుణం పోతుంది.

డైపోల్‌కు చోక్ ఫీడ్ పాయింట్ దగ్గరే ఉండాలి. ఇంటి రొద కోయాక్స్ పట్టుకుని యాంటెన్నా వరకు ఎక్కుతుంటే, రేడియో గదిలోకి కేబుల్ వచ్చే చోట రెండోది పెట్టండి. చివరన ఫీడ్ చేసే అర్ధతరంగ యాంటెన్నాకు మాత్రం ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆనించి చోక్ పెట్టవద్దు. దానికి కౌంటర్‌పాయిజ్‌గా (యాంటెన్నా కరెంటుకు తిరుగు దారిగా) కొంత కోయాక్స్ అవసరం కాబట్టి, మీరు వాడే అత్యల్ప బ్యాండ్ తరంగదైర్ఘ్యంలో 0.05 వంతు దూరం వదిలి, అంటే 40 మీటర్ల బ్యాండ్‌కు సుమారు 2 మీటర్లు దిగువన, అమర్చండి.

మూత బిగించే ముందు ఒక కాగితం మీద మిక్స్, చుట్ల సంఖ్య, కేబుల్ రకం, ఒక్కో బ్యాండ్‌లో వచ్చిన ఎస్21 విలువ రాసి మూత లోపల అంటించండి. వర్షాకాలం వెళ్లాక పెట్టెను దించి మళ్లీ కొలిచినప్పుడు, విలువలు మారాయో లేదో ఆ కాగితంతోనే పోల్చుకోవచ్చు. రెండు మూడు డెసిబెల్‌ల కన్నా ఎక్కువ తేడా వస్తే ముందు అడుగున వదిలిన రంధ్రం మూసుకుపోయిందేమో, కోయాక్స్ కొనలో నీరు చేరిందేమో చూడండి.